సుభద్ర రాసిన పత్తిమిల్లు గోడ

నిన్న ఉదయం పారాయణ మధ్యలో ఫోన్ మోగింది. ఆ సమయంలో నేను ఫోన్ తీయను. ఎందుకో తీశాను.

"మావయ్యా... అమ్మ పోయింది. నిద్రలోనే" అన్నాడు మేనల్లుడు.

వినపడలేదురా, మళ్ళీ చెప్పు అన్నాను.

వినపడింది. నమ్మడానికి కొంచెం టైమ్ కావలసి వచ్చింది, అంతే.

నా చెల్లెలు సుభద్ర ఇక లేదు.

మీలో చాలామందికి ఆమె అద్దంకిలో షాపుల బోర్డులు రాసిన పెయింటర్‌గా తెలుసు. కొంగు నడుముకు చుట్టి, బ్రష్ పట్టుకుని, నిచ్చెన మీద నిలబడే మనిషి. చిన్నతనంలో విషజ్వరం వచ్చి ఆమెకు వినికిడి పోయిందన్న సంగతి మాత్రం కొందరికే తెలుసు. ఎదుటివారి పెదవులు చూసి మాట అందుకునేది. అంత చక్కగా అందుకునేది కనుకనే ఎవరికీ అనుమానం వచ్చేది కాదు.

మాది సాయంత్రమైతే పద్యాలు చదువుకునే ఇల్లు. నాన్నగారు ఎత్తుకునేవారు, నేను అందుకునేవాణ్ణి. సుభద్ర ఎదురుగా కూర్చుని మా ఇద్దరి నోళ్ళకేసి చూసేది. భావం తెలిసేది. నడక అందేది కాదు.

వేదపురుషుడికి ఛందస్సే పాదాలని చదువుకున్నవాణ్ణి నేను. ఆ అడుగుల చప్పుడు నా చెల్లెలికి ఎన్నడూ వినపడదే అన్న దిగులు నన్ను వదలలేదు.

ఆమె మాత్రం దిగులుతో ఆగిపోలేదు.

"అన్నయ్యా, పద్యం ఎట్లా నడుస్తుందో నేను గోడ మీద బొమ్మగా రాస్తాను. అది చూసి, పద్యమంటే ఏంటో తెలియనివాళ్ళు కూడా సరిగ్గా చదవాలి. అప్పుడు నాకు పద్యం వచ్చినట్టు" అంది.

అది తొంభైల చివరి మాట. దర్శి రోడ్డులో ఒక పత్తిమిల్లు ఉండేది. దాని ప్రహరీ గోడ అడగడానికి నన్ను వెంటబెట్టుకుని వెళ్ళింది.

"ఏందమ్మాయ్, పురుగుమందుల కంపెనీవాళ్ళు ఈ గోడ కోసం నా చుట్టూ తిరుగుతుంటే, నీ పద్యానికివ్వాలా?" అన్నాడు మిల్లు యజమాని.

"ఈ సీజన్ ఒక్కటే బాబాయ్. కాగానే నేనే సున్నం కొట్టిస్తాను."

"సున్నం కూడా నీదే మరి!"

"నాదేలే బాబాయ్."

నా చేత ఒక తేటగీతి రాయించుకుని, మొదటి పాదం మాత్రమే తీసుకుంది.

పత్తి పువ్వుల నవ్వులు పండు చేను.

నొక్కి పలికే అక్షరం మనిషెత్తున రాసింది. తేలిగ్గా పలికేది జానెడే. 'చేను' దగ్గర దీర్ఘాన్ని గోడ మలుపు దాకా లాగింది. 'పండు' ముందు, చదివేవాడి గొంతు ఒక్క క్షణం ఆగవలసిన చోట, ఏమీ రాయకుండా తెల్లగోడ వదిలేసింది.

చూసినవాళ్ళు నవ్వారు.

ఒకరోజు ఇంటికి వస్తూనే, "అన్నయ్యా, విన్నావా? నేను తాగి రాశానంట!" అంది పగలబడి నవ్వుతూ. గోడ ముందు ఎవరో అనుకుంటుంటే పెదవులు చదివింది.

కింద చిన్న అక్షరాలతో వివరం రాయమన్నాను.

"వివరం రాస్తే అది పాఠమైపోతుంది. బళ్ళో కూర్చోబెట్టినట్టుంటుంది. వద్దు" అంది.

సీజన్ సగం గడిచిపోయింది. చదివినవాడు లేడు. ఆమె నవ్వడం తగ్గించింది.

ఒక మధ్యాహ్నం మిల్లు ముందు పత్తి ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నాయి. మేమిద్దరం ఎదురుగా టీ బంకు దగ్గర నిలబడ్డాం. తూకానికి పిలుపు రాక విసిగిపోయిన ఒక రైతు, పత్తి కూరిన బోరాల మీద కూర్చుని గోడకేసి చేయి చూపించాడు.

"ఒరేయ్, పెద్దక్షరం పెద్దగా అరవాలి, చిన్నక్షరం చిన్నగా అనాలి. అంతేగదరా ఇది?"

"ఏదీ, అరవరా చూద్దాం!" అన్నాడు వెనక ట్రాక్టర్ అతను.

వెక్కిరింపుగానే మొదలుపెట్టాడు. "ప...త్తి!" అని పెద్దగా అరిచి, చివర గొంతు తగ్గించాడు. వెనకవాళ్ళు అందుకున్నారు. తెల్లగోడ దగ్గరకొచ్చేసరికి చదవడానికేమీ లేక అందరూ ఊపిరి తీసుకున్నారు. 'చే' దగ్గర ఆ దీర్ఘం ఎంత దూరం పోతే అంత దూరం గొంతులు సాగాయి.

మా నాన్నగారు చదివినట్టే ఉంది. పేరు కూడా తెలియని తేటగీతిని ఆ రోడ్డు మీద వాళ్ళు తప్పు లేకుండా చదివారు.

సుభద్ర వాళ్ళ నోళ్ళనే చూస్తోంది. నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"సరిగ్గానే చదువుతున్నారా?"

అవునన్నాను.

"ఖాళీ దగ్గర ఆగారా? నా కోసం అబద్ధం చెప్పొద్దు."

"ఆగారమ్మా. అందరూ ఆగారు."

ఏడవలేదు. టీ చల్లారిపోయిందని ఇంకోటి చెప్పింది.

సీజన్ కాగానే మాట ప్రకారం తానే సున్నం కొట్టించింది. తర్వాత ఫ్లెక్స్ వచ్చింది. బోర్డులు రాయించేవాళ్ళు తగ్గారు. కొన్నేళ్ళు పద్యాలను కాగితాల మీద అట్లాగే రాసి బస్టాండులో అంటించింది. ఎండకు వెలిసి, వానకు ఊడి పోయాయి.

ఆ గోడ ఫోటో నా దగ్గర లేదు. అప్పట్లో ఎవరైనా తీసి ఉంటే దయచేసి పంపండి. ఎంత మసకగా ఉన్నా ఫర్వాలేదు.

నిన్న ఆమె పక్కన కూర్చుని చాలా పద్యాలు చదివాను. అలవాటైన నోరు, ఆగలేదు. ఎవరి కోసం చదువుతున్నానో గుర్తొచ్చి మధ్యలో ఆపేశాను.

ఈ ఫోన్‌లో అక్షరాలన్నీ ఒకటే సైజు, సుభద్రా. నా గొంతు ఎక్కడ పెరిగిందో, ఎక్కడ పూడుకుపోయిందో నీకు కనపడేలా రాయడం నాకు చేతకాదు.

లైన్లు విడదీయడం ఒక్కటే వచ్చు.

వెళ్ళు తల్లీ.

 

నీకు

 

శాంతి.