రెండో అక్షరం నుంచి చెప్పిన అవ్వ

మా అవ్వ పోయిందన్న కబురు నాకు అయిజ ఎద్దుల అంగడిలో అందింది. ఒక కోడె పళ్ళు చూస్తున్నాను. పెద్దమందడి నుంచి వచ్చిన మా ఊరి మనిషి వెనక నిలబడి, "అన్నా, బేరం ఆపు. అవ్వ పోయింది," అన్నాడు. కోడె మూతి నా చేతిలోనే ఉండిపోయింది. వెంటనే బయలుదేరితే కృష్ణ నిండుగా పారుతోంది. పుట్టి నడిపేవాడు నీళ్ళు తగ్గేదాకా ఆగమన్నాడు. నేను ఊరు చేరేసరికి బూడిద కూడా చల్లారింది. చివరి చూపు దక్కలేదు కనుక, నాకు గుర్తున్న మనిషినే మీకు చెబుతాను.

అవ్వ అనగానే ముగ్గుబుట్టలాంటి తల, వంగిన నడుము అనుకునేరు. ఆమె నాకంటే మహా అయితే పదేళ్ళు పెద్ద. మా తాత ఇద్దరు భార్యలను సాగనంపి, పళ్ళు కదులుతున్న వయసులో మూడోసారి పెళ్ళికొడుకయ్యాడు. బాసింగం కట్టుకున్న తాతను చూసి నేను నవ్వానని మా నాయన చెంప పగలగొట్టాడు. ఆ పిల్లకు మా ఇంట్లో ఏ గది ఎటుందో తెలిసేలోపే తాత పోయాడు. ఆమె చేతికి గాజులు పోయాయి, పేరంటాలకు పిలుపులు పోయాయి. పొద్దున ఎవరైనా పనిమీద బయలుదేరుతుంటే తనే తలుపు వెనక్కు జరిగేది. ఒక్క వెంట్రుకైనా నెరవకుండానే ఇంటికీ ఊరికీ అవ్వ అయిపోయింది.

ఆ తలుపు వెనకే ఆమెకు చదువొచ్చింది. వసారాలో పంతులు మా అన్నలకు చెప్పే పాఠాన్ని ఆమె లోపల విసుర్రాయి తిప్పుతూ వినేది. అన్నలు మరిచిపోయారు, ఆమె మరవలేదు. నా సంగతంటారా, నన్ను గొడ్ల వెంట తోలారు. మందు సీసాల కాగితాలూ దుకాణాల బోర్డులూ కూడబలుక్కుని నా చదువు నేనే చదువుకున్నాను. తప్పులు మాత్రం అవ్వే దిద్దింది, నలుగురిలో కాదు, అన్నం వడ్డిస్తూ. ఆ మేలు నేను మరవను.

ఆ రోజుల్లో సర్కారు బడి అంటే ఉర్దూ. సొంతంగా తెలుగు బడి పెట్టాలంటే సర్కారు అనుమతి, ఇజాజత్ కావాలి. ఒక విధవ కచేరీకి పోయి ఇజాజత్ అడగడమా! అందుకని తన దగ్గరికి చదువుకొచ్చే ఆడపిల్లల చేటలనే అవ్వ పలకలు చేసింది. చేటలో జొన్నలు పలచగా పరిస్తే వేలితో అక్షరం రాయొచ్చు. ఒకసారి భూముల లెక్కలు చూసే గిర్దావరు వాకిట్లోకి వచ్చి, "ఏందమ్మా, ఇంతమంది పిల్లలు? బడి గిట్ల నడుపుతున్నవా?" అన్నాడు. పిల్లలంతా చేటలెత్తి చెరగడం మొదలుపెట్టారు. "జొన్నలు బాగు చేస్తున్నం దొరా. జర దూరం నిలబడు," అంది అవ్వ. ఆయన షేర్వాణీ నిండా పొట్టుతో తుమ్ముకుంటూ పోయాడు.

"సదువుకుంటే కడుపు నిండదు పిల్లా. ఎవడు నిండనిస్తలేడో తెలుస్తది," అనేది పిల్లలతో.

అంత మనిషీ మొదటి అక్షరం మాత్రం చెప్పేది కాదు. పిల్ల వేలు పట్టి తొలిసారి దిద్దించేది పుణ్యస్త్రీ కావాలని ఊరి పట్టింపు. పంతులు భార్య వచ్చి ఆ ఒక్క అక్షరం దిద్దించి, తాంబూలం తీసుకుని వెళ్ళేది. అప్పటిదాకా అవ్వ లోపలి గదిలో ఉండి, తర్వాత బయటికొచ్చి రెండో అక్షరం నుంచి అందుకునేది.

గత్తర, అదే కలరా, వచ్చిన ఏడు పంతులు కుటుంబం ఊరు విడిచి వెళ్ళిపోయింది. మా పొలం కౌలుకు చేసే రైతు భార్య బాలమ్మ అప్పుడే తన పెద్దబిడ్డను చదువుకు తీసుకొచ్చింది.

"పంతులమ్మ రానీ బిడ్డా," అంది అవ్వ.

"ఆమె ఎప్పుడొస్తదో ఎవరికెరుక? నువ్వే వేలు పట్టు."

"నా చెయ్యి మంచిది కాదంటరు."

"మొన్న దీనికి జ్వరమొస్తే గా చేత్తోనే గద గంజి తాపినవ్? అప్పుడు ఎవరు అనలే."

అవ్వ చెయ్యి కొంగుకు తుడుచుకుంది, మళ్ళీ తుడుచుకుంది. పిల్ల వేలు పట్టింది.

వారం దాటకముందే ఆ పిల్ల గత్తరతో పోయింది. ప్రతి వాడలోనూ శవాలు లేస్తున్నాయి, అవి ఎందుకు లేస్తున్నాయో ఎవరికీ తెలియదు. ఈ ఒక్క పిల్ల విషయంలో మాత్రం ఊరికి కారణం దొరికింది. "ముండమోసిన చెయ్యి తగిలె, ఇంకేమైతది?" అన్నారు బావి దగ్గర. ఒక్కో తల్లీ వచ్చి, "ఇంట్ల పనుంది అవ్వా, మా చేట ఇయ్యి," అని అడిగింది. అవ్వ చేట దులిపి ఇచ్చేది. వసారా ఖాళీ అయింది. ఊరు నమ్మితే నమ్మింది, అవ్వ కూడా నమ్మింది. అన్నం కుండ ముట్టేది కాదు. "నువ్వే పెట్టు కోడలా, నేను ముట్ట," అనేది మా అమ్మతో.

గత్తర తగ్గాక ఒక పొద్దున బాలమ్మ వచ్చింది. చంకలో చిన్నబిడ్డ. తిట్టడానికే వచ్చిందనుకున్నాను. అవ్వ కూడా అదే అనుకుని లేచి నిలబడింది.

"తిట్టు బిడ్డా. నీ కడుపు సల్లబడ్తది."

"తిట్టనీకి రాలే. దీని వేలు పట్టు."

"పిచ్చి లేసిందా నీకు? ఇదొక్కతే మిగిలింది."

"నీ చెయ్యి తగిలే నా బిడ్డ పోయిందంటే, నేనే తీస్కొచ్చి సంపినట్టు గద అవ్వా. నేనెట్ల బతకాలె?"

అవ్వ రెండు చేతులూ కొంగు కింద దాచుకుంది. బాలమ్మ కుడిచెయ్యిని బయటికి లాగి, పిల్ల పిడికిలి అందులో పెట్టింది. అక్షరం వంకరగా వచ్చింది.

బడి మళ్ళీ నిండిందని రాయాలని నాకూ ఉంది. సగం కూడా నిండలేదు. పిల్లల్ని పంపినవాళ్ళు మొదటి అక్షరానికి ఊరికి తిరిగొచ్చిన పంతులు భార్యనే పిలిచారు. అవ్వ ఇంకెవరి వేలూ అలా పట్టలేదు.

ఆ చిన్నది మాత్రం రోజూ వచ్చేది. అది కనబడేదాకా పాఠం మొదలయ్యేది కాదు. అవ్వ గడప మీద నిలబడి సందు చివరికి చూసేది. కాస్త ఆలస్యమైతే పెదవులు ఎండిపోయేవి. ఆ పిల్ల పెరిగి, శ్రీరంగాపూర్ కోడలై వెళ్ళింది, తల్లి కూడా అయింది. అయినా పొద్దున లేస్తే అవ్వ గడప మీదికి వచ్చేది. "ఎవరి కోసం చూస్తున్నవ్ అవ్వా?" అని ఎదురుగా నిలబడి అడిగేవాణ్ణి. అడ్డం ఉన్న నన్ను చేత్తో పక్కకు జరిపి, సందు చివరికే చూసేది.