ఎవరూ దిగక్కర్లేని ఇంజిను

షోరూములో బండి ముందు మూత ఎత్తి ఇంజిను స్టార్టు చేశారు. కొత్త రబ్బరు, కొత్త నూనె కలిసిన వాసన ముక్కుకి కొట్టింది. ఊరికే నిలబడలేక పక్కరేకు మీద అరచెయ్యి ఆనించాను. చేతికింద సన్నటి వణుకు. నిద్రపోయే పిల్లి వీపు మీద చెయ్యి వేస్తే ఉంటుందే, అలాంటిది. చిట్టీ, ఆ పిల్లి మాట తీసెయ్యకు, నేను చెప్పింది చెప్పినట్టు రాయి. ఆ వణుకుతోనే సుగుణప్ప వచ్చి నా పక్కన నిలబడింది. ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. అయినా వచ్చింది.

మీ నాన్న రమణ అప్పటికే తేల్చేసుకున్నాడు. ఏడు సీట్ల వ్యాను కొంటాడు, కానీ వెయ్యి సీసీ ఇంజినుది. పక్కనే పదిహేనొందల సీసీది కూడా ఉంది. "మనం ఐదుగురమే కదమ్మా. బజారుకీ బడికీ తిరగడానికి అంత ఇంజినెందుకు? పెట్రోలు తాగెస్తాది" అన్నాడు. ఐదుగురంటే వాడు, మీ అమ్మ పార్వతి, నువ్వు, నీ తమ్ముడు, నేను. మీ అమ్మ లోపలికి వంగి చివరి సీటు మడతపెట్టి, మళ్ళీ విప్పి చూసుకుంటోంది. వాళ్ళమ్మ చక్రాల కుర్చీ పడుతుందా లేదా అని చూస్తోందని నాకొక్కదానికే తెలుసు. న్యూ సెటిల్‌మెంట్‌లో అంటే ఆ పక్క రైల్వే కాలనీలో, ఒంటరిగా ఉంటున్న తన తల్లిని మనింటికి తెచ్చుకోవాలని ఆమెకి ఎంత కోరికో! ముందురోజు వంటింట్లో తనే నాతో అంది: "మాయమ్మని లెక్కలో ఎయ్యకండత్తా. ఆవిడొచ్చినా ఎక్కడికెల్తాది, ఇంట్లోనే ఉంటాది." ఆ మాట నా గొంతులో చేపముల్లులా ఉండిపోయింది.

సుగుణప్పని మీ పిల్లలిద్దరూ చూడలేదు కాబట్టి మొదటినుంచీ చెప్పాలి. మా వైపు అక్కని అప్ప అంటాం. సుగుణ అనే అప్ప, సుగుణప్ప. ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో మా రైల్వే క్వార్టరూ ఆవిడ క్వార్టరూ ఒకే గోడకి అటూ ఇటూ. ఆదివారం పూట తెల్లచీర కట్టుకుని చర్చికి వెళ్ళేది. వాళ్ళాయన గూడ్సు బండి డ్రైవరు. ఆయన పోయాక ఏడుస్తూ కూర్చోలేదు. మరిది దగ్గర డ్రైవింగు నేర్చుకుంది. మా సందులో పిల్లల్ని బడికి చేర్చడానికి ఒక వ్యాను కొని తనే నడుపుతానంది. ఆ రోజుల్లో మా సందు ఆడవాళ్ళలో సైకిలు తొక్కేవాళ్ళే లేరు. పమిట కొంగు నడుముకి దోపుకుని మరిది జీపులో స్టీరింగు పట్టుకుని ఆవిడ మలుపు తిరుగుతుంటే, నేను కిటికీ ఊచలు పట్టుకుని నోరు తెరిచి చూసేదాన్ని.

నేనా, కొత్త కోడల్ని. ఇంట్లో ఉన్నానా లేనా అన్నట్టు మసిలేదాన్ని. గ్లాసు కింద పెడితే చప్పుడయ్యేది కాదు, నడిస్తే మట్టెలు మోగేవి కావు. "ఎవరికీ బరువు కాకే" అని మా అమ్మ పంపేటప్పుడు చెప్పింది. ఆ మాటని నేను మరీ గట్టిగా పట్టుకున్నాను.

వ్యాన్లు అమ్మే బెంగాలీ ఆయన ఒకడు చిన్న ఇంజిను బండి ఒకటి మా సందుకి తెచ్చాడు. ఇక్కడ అన్నని దాదా అంటారు కదా, ఆయన్నీ దాదా అనే పిలిచేవాళ్ళం. ఆయన దగ్గర పెద్ద డీజిలుది కూడా ఉంది గానీ, చిన్నదే చాలని సందంతా తీర్పు చెప్పేసింది. మా అత్త వరండాలో కూర్చుని, "పిల్లకాయల్ని మొయ్యడానికి మాల్‌గాడీ ఇంజినెందుకే నీకు?" అని వెక్కిరించింది. సుగుణప్ప ఒక చుట్టు తిప్పి తెచ్చి ఆపింది. "దేఖా దీదీ? హవా జైసా!" అన్నాడు దాదా. గాలిలా పోతుందట. ఆవిడ పకపకా నవ్వి, "ఖాలీ గాడీ తో గధా భీ ఖీంచేగా, దాదా" అంది. ఖాళీ బండినయితే గాడిదైనా లాగుతుంది అని. తర్వాత సందు మధ్యలో నిలబడి కేకేసింది: "ఓలమ్మా, నాకు లోడు కావాల! ఎవులు కాళీగా ఉంటే వాళ్ళు రండి!"

రైల్వే వాళ్ళ ఇళ్ళలో ఆ మాటకి అర్థం చెప్పక్కర్లేదు. వర్క్‌షాపులో బాగుచేసిన ఇంజిన్ని ఊరికే పంపరు, లోడు తగిలించి ట్రయలు చూస్తారు. అది మా మగవాళ్ళ పని. ఆవేళ ఆడవాళ్ళం లోడయ్యాం. పిండి చేతులు తుడుచుకుంటూ ఒకావిడ, తడిజుట్టుకి తువ్వాలుతో ఇంకొకావిడ వచ్చారు. "మమ్మల్ని లోడంటావేటే?" అని దెబ్బలాడింది ఒకావిడ. "కాదేటి, నువ్వు మల్లెపూల బుట్టవా?" అంది సుగుణప్ప. నీళ్ళు నింపిన బిందెలు కూడా ఎక్కించింది. అవెందుకో అప్పుడెవరికీ తెలియలేదు. చివరికి తలుపు వెనకున్న నన్ను చూసింది. "నువ్వూ రా పిల్లా."

"అదెందుకు? పుల్లలాగుంటాది. దాని బరువెంతని?" అంది మా అత్త.

"ఎంతో సూత్తాం కదత్తా."

సాలువా ఊరికి వెళ్ళే దారిలో ఒక ఎక్కుడుంది, నిలువుగా లేచిన మిట్ట. అప్పట్లో ఎర్రకంకర రోడ్డు. ఎక్కుడు సగంలో ఆవిడ కావాలనే బండి ఆపేసింది. "ఉరికొచ్చి ఎక్కడం కాదు, ఆగి ఎక్కాల" అని మళ్ళీ కదపబోయింది. బండి గీపెట్టింది, వణికింది, కాస్త వెనక్కి జారింది. అందరూ కెవ్వుమన్నారు. నేను రెండు చేతులతో ముందు సీటు పట్టుకుని, మడమలు పైకెత్తి, సీటు మీంచి లేచి, ఊపిరి బిగబట్టాను. నేను తేలికైతే బండి ఎక్కుతుందని నమ్మాను చిట్టీ, నిజంగా నమ్మాను. ఆవిడ అద్దంలో చూసింది. బ్రేకు లాగి వెనక్కి తిరిగింది.

"ఏటి సేత్తన్నావు?"

"ఏటీ లేదప్పా. బరువు తగ్గుతాదని..."

"కాళ్ళు కింద పెట్టు. నీ బరువు పూర్తిగా ఎయ్యి. నువ్వు అబద్దం బరువు సూపిత్తే నాను అబద్దం ఇంజిను కొంటాను" అంది.

ముందు సీట్లో ఉన్న దాదా మెల్లగా నోరు విప్పాడు, ఒకరిద్దరు దిగితే ఎక్కుతుంది కదా దీదీ అని. "ఠీక్ హై, ఆప్ ఉతరియే" అంది సుగుణప్ప, సరే మీరే దిగండని. పాపం ఆయన దిగి, పంచె పైకి పట్టుకుని ఎర్రదుమ్ములో నిలబడ్డాడు. బండి అప్పటికీ ఎక్కలేదు. అప్పుడందా మాట, మా అందరి వైపూ తిరిగి: "ఇంజిను సాలకపోతే ఎక్కుడు కాడ ఒకర్ని దిగమంటారు. ఎవుల్నంటారు? మావగారినా? మగపిల్లలనా? మనల్నే. నోటితో కూడా అనక్కర్లేదు, సూపుతోనే దింపెత్తారు. నాకు ఎవులూ దిగక్కర్లేని ఇంజిను కావాల."

మర్నాడు దాదా పెద్ద ఇంజిను బండి తెచ్చాడు. అదే లోడు, అదే ఎక్కుడు, అదే చోట ఆపడం. నేను మడమలు నేలకి నొక్కి కూర్చున్నాను. బండి ఒక్కసారి గుర్రుమంది, తర్వాత మమ్మల్నందర్నీ నింపాదిగా పైకి మోసుకుపోయింది. పైన దిగి వెనక్కి చూస్తే దారంతా ఎర్రగా, కింద ఎంతో దూరంలో ఉన్నట్టు కనిపించింది. నా బరువంతా వేసినా బండి ఎక్కింది. నాకు అంతవరకూ అంత గొప్ప సంగతి జరగలేదు.

తర్వాత ఆవిడ మా అత్త దగ్గరికి వచ్చి, "నీ కోడలు నాకు కావాల. బండిలో పిల్లల్ని సూసుకోడానికి" అని నేరుగా అడిగింది. అలా ఏళ్ళ తరబడి ఆవిడ పక్క సీట్లో కూర్చున్నాను. బడిపిల్లలతో గొంతెత్తి మాట్లాడటం అక్కడే నేర్చుకున్నాను. ఆ తర్వాత ఇంట్లో గ్లాసు చప్పుడైతే అయిందనుకున్నాను. ఒక వానాకాలం మా అత్తకి జబ్బు చేసింది. కాలు కదపలేని మనిషిని ఆ వ్యాన్లోనే ఆసుపత్రికి తీసుకెళ్ళాం. దారిలో గట్టు ఎక్కాల్సి వచ్చినప్పుడు అత్త బెంగపడిపోయింది. "నన్నిక్కడ దింపీసి మీరెల్లండే. బండి ఎక్కదు." సుగుణప్ప రోడ్డు మీంచి చూపు తిప్పకుండానే అంది: "అత్తా, ఆవేళ నువ్వు వరండాలో కూకున్నావు గానీ, నీ బరువుకి బదులు బిందెలతో నీళ్ళేసుకున్నాను. నువ్వు లోడులో ఉన్నావు. ఊరుకో." మా అత్త మొహం అటు తిప్పుకుంది. వెక్కిరించిన మనిషికి కూడా ఆవిడ ఆనాడే చోటు ఉంచింది. వాన వైపు చూస్తూ నేను కళ్ళు తుడుచుకున్నాను. ఇన్నేళ్ళయినా ఆ బిందెలు తలుచుకుంటే నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

అందుకే షోరూములో రేకు మీంచి చెయ్యి తీసి మీ నాన్నతో అన్నాను: "లోడు లేకుండా ట్రయలేట్రా? పద, న్యూ సెటిల్‌మెంట్ ఎల్లి మా వదినని ఎక్కించుకుందాం."

"ఆవిడెందుకమ్మా ఇప్పుడు? కష్టపెట్టడం తప్ప!"

"కష్టమో కాదో బండి సెప్తాది."

మీ అమ్మ గబుక్కున తలెత్తి నన్ను చూసింది. వియ్యపురాల్ని నేను వదినా అనే పిలుస్తానని తనకి తెలుసు. వెళ్ళి వదినని ఎక్కించుకుని, ఆవిడ కుర్చీ మడిచి వెనక పెట్టాం. మనం ఐదుగురం, వదిన, షోరూము ఆయన. బండి నిండింది. సాలువా దారి ఇప్పుడు నున్నటి తారు రోడ్డు, అక్కడి పోలీసు క్యాంపు బళ్ళు వస్తూ పోతూ ఉంటాయి. ఎక్కుడు మాత్రం అదే. సగంలో ఆపమన్నాను. మీ నాన్న విసుక్కుంటూనే ఆపాడు. మళ్ళీ కదిపితే ఇంజిను గట్టిగా ఏడ్చింది గానీ బండి కదిలీ కదలనట్టుంది. "ఏసీ ఆపండి దాదా, ఎక్కేస్తుంది" అన్నాడు షోరూము ఆయన మీ నాన్నతో. ఏసీ ఆపాం. చెమటలు పట్టాయి. నేను పక్కకి తిరిగి చూశాను.

వదిన కళ్ళు మూసుకుంది. రెండు చేతులతో ముందు సీటు పట్టుకుని, ఊపిరి బిగబట్టి, సీటు మీంచి లేవాలని చూస్తోంది. లేవలేని మనిషి చిట్టీ! "నా వల్లే కదండీ" అంది గొణుగుతున్నట్టు.

"వదినా, కాళ్ళు కింద పెట్టండి. మీ బరువు పూర్తిగా ఎయ్యండి" అన్నాను. నా గొంతు నాదిలా లేదు.

మీ నాన్న అద్దంలో చూశాడు. వెనక సీట్లో మీ అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. షోరూము ఆయన ఇంకా నవ్వుతూనే, "ఒకరిద్దరు దిగి నాలుగడుగులు నడిస్తే..." అన్నాడు.

"ఎవరూ దిగరు" అన్నాడు మీ నాన్న. బ్రేకు లాగి, బండిని మెల్లగా వెనక్కి దించి, "ఆ పెద్ద ఇంజినుది తెండి. మేం ఆరుగురం" అన్నాడు.

సుగుణప్ప మాట నేనెప్పుడూ వాడికి చెప్పలేదు. ఎక్కడినుంచి వచ్చిందో వాడి నోటికి! పెద్దది అదే ఎక్కుడు మీద ఎలా పోయిందో నీకు తెలుసు, నా పక్కనే కూర్చున్నావు. ఇప్పటికీ నేను బండిలోనైనా, పెళ్ళి పందిట్లోనైనా, ఆసుపత్రి బల్ల మీదైనా కూర్చోగానే ముందు రెండు మడమలూ నేలకి ఆనించుకుంటాను. ఎవరో అద్దంలోంచి చూస్తున్నట్టుంటుంది. ఇదిగో, నువ్వూ ఆ కుర్చీ అంచున వేలాడకు. సరిగ్గా కూర్చుని రాయి.