హాయిల్ సాంబ్రాణి

ఆ రోజుల్లో నాకు తొందరెక్కువ. (మరీ పాత రోజులు కావు, చేతిలో స్మార్ట్‌ఫోన్ ఉంది, నెత్తిన ఇప్పటికంటే ఎక్కువ జుట్టుంది.) సౌదీలోని అల్ ఖోబర్‌లో ఏసీ మెకానిక్‌గా కొత్తగా చేరాను. శుక్రవారం పొద్దున మా గదివాళ్ల క్రికెట్ ఫైనల్, ఓపెనింగ్ బ్యాటింగ్ నాది. నేను లేకపోతే జట్టు మునుగుతుందని ఖోబర్ మొత్తంలో నమ్మిన ఏకైక మనిషినీ నేనే. అలాంటివాణ్ని, గురువారం సెలవు పెట్టి, డ్రైవరైన మా మేనమామ పికప్‌లో రాత్రంతా ప్రయాణించి హాయిల్ ఎందుకు వెళ్లానో! "గోధుమ చేన్లు, సల్లగాలి... ఊరు సూశినట్టుంటదిరా అల్లుడా. రైతుకు మోటరిచ్చుడు, మర్లుడు, అంతే" అన్నాడు మామ.

ఊరు చూశాను. అది నన్ను చూసి ఆవులించింది. ఎటు చూసినా చదును నేల, వెడల్పాటి రోడ్లు. సిగ్నల్ పచ్చబడినా ముందు కారు కదల్లేదు, వెనకెవరూ హారన్ కొట్టలేదు. మధ్యాహ్నానికి దుకాణాలన్నీ మూసుకుని నిద్రపోయాయి. మోటరు దించగానే బయల్దేరదామంటే తెల్లగడ్డం రైతు "ష్వై ష్వై" అన్నాడు, అంటే మెల్లగా అని. (ఆ ఊళ్లో అంతకంటే వేగం నాకు కనబడలేదు.) తివాచీ మీద కూర్చోబెట్టి కాఫీ, ఖర్జూరాలు, బండి చక్రమంత పళ్లెంలో మాంసం అన్నం పెట్టాడు. మామ తిని, దిండుకు ఒరిగి గురక మొదలెట్టాడు. సాయంత్రంలోగా కదలకపోతే నా మ్యాచ్ గోవిందా.

అప్పుడు రైతు కొడుకు పొగలు కక్కే ధూపదాని తెచ్చాడు. మా ఇంట్లో సాంబ్రాణి వేశారంటే పూజ అప్పుడే మొదలైనట్టు! ఇక మామను లేపడం అపచారమని, బాసింపట్టు వేసుకుని, పొగను రెండు చేతులా కళ్లకద్దుకుని కూర్చున్నాను. రెండోసారి తిప్పారు. అద్దుకున్నాను. మూడోసారీ తిప్పారు. ముసలాయన కొడుకును చూశాడు, కొడుకు గోడ గడియారాన్ని చూశాడు. అసలు కార్యక్రమం మొదలుపెట్టడానికి వీళ్లకేం రోగమని నేను లోలోపల పళ్లు నూరుతున్నాను. చివరికి పొగకు మామ దగ్గుతూ లేచాడు.

"ధూపమెప్పుడు తెచ్చిన్రురా?"

"ఎప్పుడో తెచ్చిన్రు మామా. ఊకె తిప్పుతున్నరు గని అసలుది మొదలువెడ్తలేరు."

"ఓరి నీ! అది తెచ్చిన్రంటే ఇగ లేవుండ్రని మర్యాదగ చెప్పుడురా! లే!"

లేచాం, అప్పటికే చీకటి పడింది. ముసలాయన మొహం వెలిగిపోయింది. అయినా గుమ్మం దగ్గర "అప్పుడేనా, కూర్చోండి" అన్నాడు, మహానుభావుడు.

తెల్లారి మేమింకా ఎడారి రోడ్డు మీదుండగానే కెప్టెన్ వాయిస్ మెసేజ్ వచ్చింది: "గెలిచినం తమ్మీ! నువ్వు రాకుంటెనే నిమ్మళంగ ఆడినం."

ఇప్పుడు ఖోబర్ అజీజియాలో నా గదిలోనూ ఒక ధూపదాని ఉంది. ముచ్చట్లకు వచ్చిన మనవాళ్లు ఎంతకీ లేవకపోతే ముట్టిస్తాను. "మంచి వాసనరా, ఇగ చాయ్ పెట్టు" అంటూ కాళ్లు ఇంకాస్త చాపుతారు. చేసేదేముంది, లేచి పెడతాను. ష్వై ష్వై.