ఆవులింతల పిన్ని

తప్పు నాదే. ముందే ఒప్పేసుకుంటే తిట్లు తగ్గుతాయని ఆశ. మేడమీద ట్యూషన్లు చెప్పే పిన్ని, మెట్ల దగ్గర నల్లబోర్డు మీద "ఇక్కడ లెక్కలు నేర్పబడును" అని రాసుకుంటే, 'లెక్కలు' చెరిపేసి 'నిద్ర' అని రాసింది నేనే.

ఊరికే రాయలేదు. ఆవిడ పద్ధతే అంత. గుమ్మంలో నిలబడి ఒక్కొక్కరి మొహం చూస్తుంది. రెండుసార్లు ఆవులిస్తే పుస్తకం ముట్టుకోనివ్వదు, వెనకగదిలో చాప చూపిస్తుంది. ఇరవై నిమిషాలు, అలారం పెట్టి మరీ. లెక్కలు తప్పించుకుందామని ఒకప్పుడు నేనూ నోరు చెవులదాకా తెరిచాను. "దొంగ ఆవులింతకి కళ్ళలో నీళ్ళు రావురా, కూర్చో" అని చెవి మెలేసింది.

నేను బోర్డు మార్చిన సాయంత్రమే, కుట్టుపని చేసే అక్క తన కూతుర్ని తీసుకెళ్ళడానికి వచ్చింది. పరీక్షలకి ఇంకా ఎనిమిది రోజులే. కింద బోర్డు చదివింది. పైకెక్కేసరికి కూతురు చాపమీద గుర్రు పెడుతోంది. ఇంకేముంది, అగ్గిమీద గుగ్గిలం.

"ఏంటండీ టీచరుగారూ! పోయినసారి లెక్కల్లో ఇరవై తొమ్మిది. ఈసారీ పోతే మళ్ళీ అదే తరగతి. మీరేమో జోల పాడుతున్నారా? పైగా బోర్డొకటి! రేపట్నుంచి పంపను."

బోర్డు సంగతి పిన్నికి అంతుపట్టలేదు గానీ, పిల్ల మానేస్తుందేమోనని దిగులు పట్టుకుంది. లెక్కంటే వణికే పిల్ల ఇప్పుడిప్పుడే దారిలో పడుతోంది. అయినా గొంతు పెంచలేదు.

"రాత్రి ఎన్నింటికి పడుకుంటోందమ్మా?"

"పడుకోవడమా? ఒంటిగంటదాకా మొహాన నీళ్ళు కొట్టి చదివిస్తున్నా. తోడుగా నేనూ మిషను తొక్కుతున్నా."

"అప్పుడు కుట్టు తిన్నగా పడుతోందా?"

అక్క గుడ్డ చుట్టిన వేలిని కొంగులో దాచుకుంది.

ఇంతలో అలారం మోగింది. పిల్ల లేచి, తల్లిని చూసి హడలిపోయింది. పిన్ని అదేమీ పట్టనట్టు, ఇందాక మూడుసార్లు తప్పిన లెక్కే ముందు పెట్టింది. ఈసారి సరిపోయింది. దాని తర్వాతది తప్పింది, అబద్ధమెందుకు.

"ఈ ఎనిమిది రోజులూ పదింటికి దీపం ఆర్పేయండి, ఇద్దరూ. పొద్దున్నే కడుపునిండా తినిపించు. అప్పటికీ లాభం లేకపోతే మానిపించెయ్."

అక్క సణుక్కుంటూనే ఒప్పుకుంది.

పిల్లకి యాభై ఒకటి వచ్చాయి. ఊరేగించేటన్ని కాదు గానీ, అక్క ఆ మార్కుల కాగితాన్ని మిషను ఎదురుగా గోడకి అంటించుకుంది. పిన్ని మాత్రం బోర్డు తుడవలేదు, కింద "తర్వాత లెక్కలు" అని చేర్చిందంతే.

అప్పటికి నాకు ధైర్యమొచ్చింది.

"పిన్నీ, ఆ బోర్డు... నేనే."

"తెలుసు. ఆ వంకర అక్షరాలు ఐదేళ్ళు దిద్దించినదాన్ని."

పశ్చాత్తాపంగా మొహం పెట్టబోయాను. రాత్రి రెండింటిదాకా ఫోను చూసిన పాపం, పెద్ద ఆవులింత తన్నుకొచ్చింది. వెంటనే ఇంకోటి. కళ్ళలో నీళ్ళు కూడా.

పిన్ని కళ్ళజోడు పైనుంచి చూసింది.

"నిద్ర నేర్పబడునని నువ్వే రాశావుగా. చాప ఖాళీగానే ఉంది, పో. లేచాక పదమూడో ఎక్కం అప్పజెప్పాలి."