ఒకే కుదుపు, రెండు మెడలు

ఆ రోజు పొద్దున మంచం మీద నుంచి లేవబోతే ఒళ్ళు లేచింది కానీ తల లేవలేదు. రెండు చేతులతో తలను పట్టుకుని ఎలాగో కూర్చున్నాను. పక్కన నా భార్య కోమలది కూడా అదే అవస్థ. ఒకరినొకరు చూసుకోవాలంటే నడుము దాకా తిరగాల్సి వచ్చింది. ఇద్దరికీ నవ్వు ఆగలేదు. నవ్వితే నొప్పి ఇంకా ఎక్కువైంది.

ముందు రోజు సాయంత్రం పళ్ళిపట్టు బస్టాండులో షేర్ ఆటో ఎక్కి ఇంటికి వస్తున్నాం. స్పీడ్ బ్రేకర్ దగ్గర ఆటో నిదానించగానే వెనక నుంచి వ్యాను గుద్దింది. ఎవరికీ రక్తం రాలేదు. తలలు ఒక్కసారి వెనక్కి పోయి ముందుకు వచ్చాయి, అంతే.

తిరుత్తణిలో డాక్టరుకు చూపించుకున్నాం. "ఎక్స్‌రే నార్మల్. దీన్ని విప్‌లాష్ అంటారు. కండరాలు లాగాయి. కొన్నాళ్ళు మెడకు కాలర్, మాత్రలు" అన్నాడు. మందుల షాపులో ఆమెకు ఏ సైజు కాలర్ అని అడిగారు. "ఇద్దరికీ ఒకటే ఇచ్చెయ్యప్పా, ఒకే దెబ్బ" అన్నాను. పనికి పోవాలన్న తొందర నాది. తిరుత్తణిలో గుడ్డల గోడౌనులో మూటలు మోసే పని నాది. తోటివాళ్ళు నా మెడను చూసి దున్నపోతు మెడ అంటారు. అది పొగడ్తే అనుకునేవాణ్ణి.

ఐదో రోజుకే నా కాలర్ తీసి పారేశాను. మూడు వారాలైనా కోమలకు తగ్గలేదు. తలనొప్పి, మెడ వెనక మంట, ఎడమ చేతిలో తిమ్మిరి. ఆమె ఇంట్లోనే మగ్గం నేస్తుంది. కాలర్ పెట్టుకుని మగ్గం ముందు కూర్చుంది, అంతలోనే తీసి పక్కన పెట్టింది. నేను చూశాను.

"పని ఉంటే కాలర్ అక్కర్లేదా? అదే ఆటో, అదే గుద్దు. నాకు తగ్గలా? నీకేంది?" అన్నాను.

"దాంట్లో బట్ట కనిపించలేదయ్యా."

"సుమ్మా సాకులు చెప్పొద్దు."

ఆ సాయంత్రం వాళ్ళన్నకు ఫోన్ చేసి, "మీ చెల్లెలికి మగ్గం ఎక్కేది ఇష్టం లేదు, అందుకే ఈ నటన" అన్నాను. వంటింట్లో ఉన్న ఆమెకు వినపడింది. ఆ మరునాటి నుంచి ఆమె నొప్పి గురించి ఒక్క మాట మాట్లాడలేదు. చెప్పడం లేదు కాబట్టి తగ్గిందని నేను సంతోషించాను. నా తప్పులన్నిటిలో పెద్దది ఇదే.

ఒక రోజు కోమల తెగిన పోగు అతికిస్తూ ఆగిపోయింది. ఎంతసేపటికీ కదలకపోతే దగ్గరికి వెళ్ళాను. బొటనవేలు, చూపుడువేలు దగ్గరగా పెట్టి వాటినే చూస్తోంది.

"పోగు ఏళ్ళ మధ్య ఉండాదో లేదో తెలీడం లేదు" అంది.

నేతగత్తెకు వేళ్ళే కళ్ళు. అవి పోతే ఆమెకు మిగిలేదేమిటి?

మరునాడే తిరుత్తణిలో రైలెక్కి తిరువళ్ళూరు వెళ్ళాం. అక్కడి డాక్టరు ఎమ్మారై తీయించాడు. "సర్జరీ అక్కర్లేదు. మెడ నుంచి చేతికి పోయే నర్వ్ ఇరిటేట్ అయింది. ఫిజియోథెరపీ సరిగ్గా చేస్తే తిరిగి వస్తుంది" అన్నాడు. 'తిరిగి వస్తుంది' అన్న మాటను ఆయన చేత రెండుసార్లు చెప్పించుకున్నాను.

ఫిజియోథెరపిస్టు చిన్న వయసు అమ్మాయి, ఆరంబాక్కం వైపు తెలుగుపిల్ల. కాలర్ పెట్టుకున్న కోమలను చూడగానే నా వైపు తిరిగింది.

"ఈ కాలర్ ఎవురిదన్నా?"

"ఆమెదేమ్మా."

"ఆమెదా? గడ్డం ఆకాశం చూస్తాంది. దీంట్లో మగ్గం యాడ కనిపిస్తాది?"

ఆ సైజు అడిగి కొన్నది నేనే. అయినా ఊరుకోలేదు. "చిన్నప్పటి నుంచి నెత్తిన బిందెలు మోసిన మెడమ్మా ఇది. నాకు తగ్గింది, ఆమెకు ఎందుకు తగ్గలేదు?"

"బిందె నిదానంగా ఎక్కుతాదన్నా, మెడ కాసుకోనుంటాది. ఆ వ్యాను చెప్పి వచ్చిందా?" అంటూ టేపు తీసింది. ముందు ఇద్దరి తలల చుట్టూ కొలిచింది. తేడా ఒక వేలు. తరువాత మెడలు కొలిచింది. తేడా నాలుగు వేళ్ళు!

"చూసినారా? తల బరువు ఇంచుమించు ఒకటే. పట్టుకునే కండ ఒకటి కాదు. మామూలుగా ఆడోళ్ళకు మెడ కండ సన్నం, బలం కూడా తక్కువ. అదే కుదుపుకు ఆమె తల ఎక్కువ ఊగి ఉంటాది."

నేను ఆ టేపు తీసుకుని మళ్ళీ కొలిచాను. ఇన్నేళ్ళు పక్కనే ఉన్న మెడను అప్పుడే మొదటిసారి చూసినట్టుంది. ఉత్సాహం పట్టలేక, "చూసినావా కోమలా, ఇదీ సంగతి!" అన్నాను.

"టేపు చెప్తే నమ్మినాడు. నేను చెప్తే నమ్మలా" అని ఆమె ఆ అమ్మాయితో అంది.

తిరుగు రైల్లో క్షమించమని అడిగాను. వాళ్ళన్నకు నేను చెప్పింది అబద్ధమని ఆమె ఎదుటే ఫోన్ చేసి చెప్పాను. "సరేలే, ఆ కిటికీ దించు, గాలి మెడకు కొడతాంది" అంది.

వ్యాయామం చూడటానికి పెద్ద పనిలా ఉండదు. అరచెయ్యి నుదుటికి ఆనించి తలతో నెట్టాలి, తల కదలకూడదు. ఐసోమెట్రిక్ అంటారు. తరువాత పక్కల నుంచి, వెనక నుంచి. నేను గట్టిగా సెకన్లు లెక్కపెట్టేవాణ్ణి. ఐదు పోయి ఏడు వచ్చిన రోజు చప్పట్లు కొట్టాను. "ఏందయ్యా, కిరికెట్టా?" అని నవ్వింది. ఆ ఊపులో ఒక వారం ఆమెను పదిహేను దాకా నెట్టించాను. మూడు రోజులు మంచం పట్టింది. ఫిజియో అమ్మాయి నన్ను బాగా తిట్టింది. "మీ మెడ కాదన్నా అది. ఆపు అంటే ఆపాల." మళ్ళీ ఐదు నుంచి మొదలుపెట్టాం.

ఒక పొద్దున గడ్డానికి సబ్బు రాసుకుంటున్నాను. లోపలి నుంచి కేక వినపడింది. "ఏమయ్యో, పోగు తెలస్తాంది!" నురగతోనే పరిగెత్తాను. కళ్ళు మూసుకుని ఉంది. వేళ్ళ మధ్య పోగు పెడితే ఉందంటోంది, తీస్తే లేదంటోంది. పది సార్లు పరీక్షించాను. పదికి పది! నా గడ్డం మీద సబ్బు ఎండిపోయింది.

ఇప్పుడు కోమల అరగంట నేసి, లేచి నాలుగడుగులు తిరిగి మళ్ళీ కూర్చుంటుంది. మగ్గాన్ని, కూర్చునే పలకను ఆమె చూపుకు తగినట్టు సరిచేశాను. పూర్తిగా తగ్గిందని అనను. చలి పొద్దుల్లో మెడ బిగుస్తుంది. మొన్న నేను పనికి బయలుదేరుతుంటే తనంతట తానే, "ఈ పొద్దు ఎడమ పక్క నొస్తాందయ్యా" అంది. పోగు తెలిసిన రోజు కన్నా అప్పుడు నాకు ఎక్కువ సంతోషమేసింది. చెప్పులు విడిచి పక్కన కూర్చున్నాను.

చదివేవాళ్ళకు ఒక్కటే చెబుతాను. ఇద్దరికీ ఒకే దెబ్బ తగిలినా డాక్టరు దగ్గర ఒక్కొక్కరుగా కూర్చోండి. మొదటి రోజు తిరుత్తణిలో డాక్టరు, "మీకు ఎలా ఉందమ్మా?" అని కోమలనే అడిగాడు. ఆమె నోరు తెరిచేలోపు జవాబు చెప్పింది నేను.