ఎండలో వెలిగిన లైటు

ఆసుపత్రి నుంచి ఫోను వచ్చినప్పుడు నేను మా మామగారి కోసం రాగిజావ కాస్తున్నాను. ఆయన ఇక లేరని నర్సు హిందీలో చాలా మర్యాదగా చెప్పింది. సరేనని ఫోను పెట్టేసి, జావ అడుగంటకుండా ఇంకాసేపు కలుపుతూనే ఉన్నాను. ఏడుపు రాలేదు, అలసటగా అనిపించిందంతే. ఇది రాస్తున్నప్పుడూ అలాగే ఉంది కనుక పెద్ద పెద్ద మాటలు దొరక్కపోతే ఏమీ అనుకోకండి.

రాయ్‌పూర్ తెలుగువాళ్లలో ఆయన పేరు తెలియనివాళ్లకు కూడా ఆయన కారు తెలుసు. ఉర్లా ఫ్యాక్టరీల దారిలో లారీల మధ్య నేలకు అతుక్కుని పరిగెత్తే ఎర్ర స్పోర్ట్స్ కారు. రెండే సీట్లు. ఆయన మెయింటెనెన్స్ మేనేజరుగా పనిచేసిన ఇనుము మిల్లు యజమాని కొడుకు దాన్ని గేటు గోడకు గుద్దాడు. అచ్చిరాని బండి అని ఆ ఇంట్లో ఎవరూ మళ్లీ ముట్టుకోలేదు. రిటైరయ్యాక అందరూ తీర్థయాత్రలకు వెళితే ఈయన దాన్ని కొని బాగుచేయించుకున్నారు. మా అత్తగారు అప్పటికే లేరు. ఉంటే దాన్ని గుమ్మం ముందు ఆగనిచ్చేవారు కాదు.

"బండికి శకునాలేటమ్మా? కాసే బటనుంటే దాన్ని నొక్కి ఆపీసినాడు ఆ కుర్రోడు. గోడేటి సేస్తాది?" అనేవారు. నల్లకళ్లద్దాలు, ఘాటుగా సెంటు, ఆపైన ఈ వాదన. నాకు నవ్వూ విసుగూ కలిసి వచ్చేవి.

ఆ బటను సంగతి నాకు నేర్పింది ఆయనే. ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్ అంటారు. ఆ కారులో ఇంజను బలమంతా వెనక చక్రాలకే పోతుంది. మలుపులో యాక్సిలరేటర్ కాస్త ఎక్కువ తొక్కితే చాలు, వెనకభాగం పక్కకు జారుతుంది. మనం స్టీరింగ్ ఎటు తిప్పామో, బండి నిజంగా ఎటు పోతోందో ఆ యంత్రం చూస్తూ ఉంటుంది. రెండూ కలవకపోతే ఏదో ఒక చక్రానికి విడిగా బ్రేకు వేసి, ఇంజను జోరు తగ్గించి, మళ్లీ దారిలో పెడుతుంది. అలా పెట్టినప్పుడల్లా డ్యాష్‌బోర్డు మీద పసుపుపచ్చ లైటు మిణుకుమంటుంది.

ఏటా తొలివాన పడగానే ఏ పని ఉన్నా మానిపించి నన్ను ధర్సీవా దగ్గర మూతబడ్డ ఒక మిల్లు ఆవరణకు తీసుకెళ్లేవారు. నల్లటి ఇనుప ధూళి తడిసి నేలంతా జారుడుగా ఉండేది. మొదటిసారి నన్ను డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి, మలుపులో గట్టిగా తొక్కమన్నారు. తొక్కాను. బండి వెనక్కి తిరగబోయింది. కాలి కింద గరగరమంది. యాక్సిలరేటర్ చచ్చుబడిపోయింది.

"మావయ్యగారూ, బండి పాడైపోయింది!" అని అరిచాను.

"పాడవలేదమ్మా, నిన్ను కాసింది. స్టీరింగ్ ఒగ్గీకు. ఎటెళ్లాలో అటు సూడు, అటే తిప్పు. నువ్వు సెప్పకపోతే దానికెలా తెలుస్తాది?"

తిప్పాను. బండి సర్దుకుంది. తిరిగొచ్చేటప్పుడు ఆయన చెప్పిన మాట అప్పట్లో పెద్దగా పట్టించుకోలేదు. "ఆ లైటు వానలో ఎలిగితే తప్పు రోడ్డుది. ఎండలో ఎలిగితే తప్పు మనది. బస్, అంతే."

తర్వాత షుగరు ఆయన పాదాలను పట్టుకుంది. ఒకరోజు కారెక్కి కూర్చున్నాక చూస్తే ఆయన కుడికాలికి చెప్పు లేదు. వాకిట్లోనే జారిపోయింది, ఆయనకు తెలియలేదు. అప్పట్నుంచి కనిపెట్టి చూశాను. పెడల్ మీద కాలు ఎక్కడుందో తల వంచి చూసుకుంటున్నారు. ఆ వేసవిలోనే, పొడి రోడ్డు మీద, మామూలు మలుపులో, ఆ లైటు వెలగడం మొదలైంది. కాలు ఎంత తొక్కుతోందో ఆయనకు తెలియడం లేదు, మిగిలినదంతా బండి సర్దుతోంది. అది ఎన్నాళ్లు సర్దగలదన్నది నా భయం. మా ఆయనతో చెబితే, "నా మాట వినరు, నువ్వే చెప్పు" అన్నారు. ఇంట్లో కష్టమైన మాటలన్నీ నా వంతుకే ఎందుకొస్తాయో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ కారు తప్ప వేరే సంతోషం లేని మనిషితో తాళాలు ఇచ్చేయమని ఎలా అంటాం? వంట చేస్తూ మాటలు కూర్చుకునేదాన్ని. ఆయన ఎదుట ఒక్కటీ వచ్చేది కాదు.

ఒక మధ్యాహ్నం టాటీబంధ్ కూడలిలో తిరుగుతుంటే మళ్లీ వెలిగింది. ఈసారి పక్కనున్న స్కూటరుకు తగలబోయి వెంట్రుకవాసిలో తప్పింది. ఆయన ఏమీ అనకుండా పంక్చర్ షాపు పక్కన ఆపారు.

"ఎండ బాగా కాస్తంది కదమ్మా?"

"అవును మావయ్యగారూ."

"లైటు సూసినావా?"

నేను స్కూటరు వెళ్లినవైపే చూస్తూ ఉన్నాను.

"నీ నోటితో అనిపించడమెందుకు. నానే దిగిపోతాను" అన్నారు.

దిగి, బానెట్ మీద చెయ్యి ఆనించుకుంటూ, కారు ముందు నుంచి మెల్లగా తిరిగి ఎడమవైపు వచ్చారు. లారీవాళ్లు హారన్లు కొడుతున్నా తొందరపడలేదు. నాకు బరువు దిగింది. ఆయన్ని చూస్తే గుండె తరుక్కుపోయింది కూడా.

ఆ తర్వాత ఆ కాలికి పుండు పడితే, కట్టు మార్పించడానికి ఆసుపత్రికి తిప్పిందంతా నేనే. అంత కిందికున్న సీట్లోంచి ఆయన్ని లేపేసరికి నా నడుము పడిపోయేది. వేరే బండిలో వెళ్దామంటే ససేమిరా అనేవారు. నేను జోరు పెంచితే చాలు, స్పర్శ లేని ఆ కాలితో ఎడమవైపు లేని బ్రేకు తొక్కేవారు. "మీ దగ్గర బ్రేకు లేదు మావయ్యగారూ" అని విసుక్కునేదాన్ని. "అలవాటమ్మా" అనేవారు.

ఆయన పోయి, దినాలన్నీ అయ్యాక ఆ కారులోనే మళ్లీ ఉర్లాలో నా ఉద్యోగానికి బయల్దేరాను. చాలా రోజులుగా సరైన నిద్ర లేదు. టాటీబంధ్ మలుపులో కాలి కింద గరగరమంది. యాక్సిలరేటర్ చచ్చుబడింది. పసుపుపచ్చ లైటు మిణుకుమంది.

బయట చూశాను. రోడ్డు పొడిగా ఉంది. ఎండ కాస్తోంది.

అదే పంక్చర్ షాపు పక్కన ఆపి దిగాను. కారు ముందు నుంచి తిరిగి వెళ్లి ఎడమ సీట్లో కూర్చున్నాను.

"గాడీ ఖరాబ్ హో గయీ క్యా, దీదీ?" బండి పాడైందా అని షాపతను అడిగాడు.

"నహీ భయ్యా, గాడీ ఠీక్ హై" అన్నాను, బండి బాగానే ఉందని. అప్పుడు వచ్చింది ఏడుపు.

సీటు ఆయన కాలు చాపుకోవడానికి జరిపినట్టే వెనక్కి ఉంది. కింద రబ్బరు మ్యాటు మీద, బ్రేకు ఉండాల్సిన చోట, ఆయన పాదం తొక్కి తొక్కి అరగదీసిన గుంట ఉంది. కాలు చాపాను. అక్కడి దాకా అందలేదు.