తాటిమొద్దు మీద పేరమ్మ

పులికాటు సరస్సు ఒడ్డునున్న ఆ జాలర్ల కుప్పానికీ మంచినీళ్ల బావికీ మధ్య ఒక కాలువ, దాని మీద ఒకే ఒక తాటిమొద్దు. వయసులో ఉన్నవాళ్లు నెత్తిన గంపలతో చకచకా దాటేవాళ్లు. ముసలివాళ్లు, పసివాళ్లు ఇవతలే ఉండిపోయేవాళ్లు. 1962లో వానలు వెలిశాక కామాక్షయ్య ఆ మొద్దు మీంచి జారి తుంటి విరగ్గొట్టుకున్నాడు. ఆ తర్వాత ముసలివాళ్లెవరూ అటు తొంగిచూడలేదు.

అతని చెల్లెలు పేరమ్మ ఎండుచేపలమ్ముకుని బతికే మనిషి. మొగుడు పోయాక అన్న దగ్గరే ఉంటోంది. ఇంకో రెండు మొద్దులు వేయించమని కుప్పం పెద్ద మునెయ్యను రెండుసార్లు అడిగింది.

"ముసిలోళ్లకు అవతల ఏం పనత్తా? ఇంటికాడ కూసుంటే కూడు రాదా?" అన్నాడతను.

మర్నాడు పొద్దున్నే పేరమ్మ మొద్దు నడిమికి పాకి, అటో కాలు ఇటో కాలు వేసి కూర్చుంది. ఆమెకు ఈత రాదని అందరికీ తెలుసు.

చేపల గంపలతో వచ్చిన ఆడవాళ్లు గట్టునే ఆగిపోయారు. అవతల, చేపలతో దొరవారిసత్రం పోవలసిన బండి దగ్గర బండివాడు మస్తానయ్య కేకలేస్తున్నాడు. ఎండ ఎక్కింది. పోటునీరు పేరమ్మ పాదాలు దాటి పిక్కల దాకా వచ్చింది.

"లెయ్యత్తా! చేపలు కుళ్లిపోతా ఉండాయి!" అరిచాడు మునెయ్య.

"మా అన్న మంచంలో కుళ్లిపోతా ఉండాడే, అది కనపళ్లేదా నీకు?"

మునెయ్య కోపంగా మొద్దెక్కాడు. మొద్దు ఊగింది. పేరమ్మ దాన్ని రెండు చేతులా కరుచుకుంది. చూపు మాత్రం అతని మీంచి తిప్పలేదు. అతను ఇంకో అడుగు వేశాడు. ఒక పక్కకు ఒరిగిపోయింది పేరమ్మ. గట్టు మీద ఎవరో కెవ్వుమన్నారు.

"ఆగరా మునెయ్యా!"

మునెయ్య తల్లి అంకాలమ్మ. రెండేళ్లుగా గడప దాటని మనిషి, కర్ర ఊతంతో ఇసుకలో కాళ్లీడ్చుకుంటూ వచ్చింది.

"బావికాడ నలుగురితో మాట్లాడి రెండేళ్లాయెరా. నాకూ పోవాలని ఉండాది. ఒక్కనాడన్నా అడిగినావా నువ్వు?"

మునెయ్య మెల్లగా వెనక్కి అడుగేశాడు. "పడిపోయిన తాటిచెట్లు రెండు కొట్టుకొని రాండ్రా" అన్నాడు పక్కవాళ్లతో.

"మొద్దులు కంటబడితేనే లేస్తా" అంది పేరమ్మ.

మధ్యాహ్నానికి మొద్దులొచ్చాయి. సాయంత్రానికి మూడూ కట్టేసి, పట్టుకోవడానికి ఒక పక్కన వెదుళ్లు బిగించారు. అంకాలమ్మ ఎవరినీ చెయ్యి పట్టుకోనివ్వకుండా దాటింది. కామాక్షయ్య మాత్రం మళ్లీ నడవలేదు. రోజూ పొద్దున నలుగురు అతన్ని మంచంతో సహా బావి దగ్గరికి మోసుకుపోయేవాళ్లు.

ఆ రోజు చేపలు పాడైపోయిన ఆడవాళ్లు నెల దాకా పేరమ్మతో మాట్లాడలేదు. ఆమె కూడా తప్పయిందని అనలేదు.